గీతలు లేని కాపీ

"శుభ్రంగా చేశాను," అన్నాడు గీతలాయన.

"శుభ్రంగానే చేశారు," అంది ఆయన భార్య. "టేపుని కాదు, మమ్మల్ని!"

పనిగదిలో చిన్న టీవీ మీద పదిహేడో నంబరు డిస్కుకి ఇంట్లో ఉంచుకున్న నకలు నడుస్తోంది. బొమ్మ ఉతికి ఆరేసినట్టుంది. ఒక్క గీత లేదు, ఒక్క మచ్చ లేదు, చెవికి ఒక్క చప్పుడు మోటుగా తగలడం లేదు. రేకు డబ్బాల కంపెనీ షెడ్డులో నాలుగో నంబరు ప్రెస్సు పడుతోంది, లేస్తోంది, పడుతోంది. పడ్డప్పుడల్లా ఒక మూత తయారవుతోంది. ప్రెస్సు ముందు చేతులు లోపలికి పోకుండా అడ్డుండాల్సిన ఇనప జాలీ లేదు. దాన్నే వాళ్ళు గార్డంటారు. అది అక్కడ లేదంటే లేదు.

ఆ లేకపోవడాన్ని కళ్ళారా చూడ్డం కోసమే ఆ ఇల్లు నాలుగు రోజులుగా ఊపిరి బిగబట్టుకుని ఉంది.

చూసిన సంతోషం రెండు నిమిషాలు నిలిచింది. మూడో నిమిషంలో, గోడకి ఆనుకుని నిలబడ్డ తమ్ముడు నోరు విప్పాడు. ఇల్లాలికి ఒక్కగానొక్క తమ్ముడు. ఆర్నెల్ల కిందట ఆ ప్రెస్సు కిందే కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. అప్పట్నించి మాటలు కూడా పోయినట్టే ఉంటాడు.

"తారీఖేదీ బావా?"

"ఏ తారీఖు?"

"బొమ్మ కింద ఉండాలిగా. ఆ రోజు కెమెరాలో తారీఖు పెట్టించింది నేనే. ఇవాళెంతరా అని కెమెరా ఆయన అడిగితే పదకొండు అని చెప్పాను. నా చెయ్యి పోయింది అదే నెల ఇరవై రెండున."

గీతలాయన టీవీ కింది అంచు వంక చూశాడు. అక్కడ ఒక నల్లటి పట్టీ ఉంది. నున్నగా, తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు. అది వేసింది ఆయనే.

"అయ్యో," అన్నాడు.

"అయ్యో అంటే?" అంది భార్య.

టేపు బొమ్మ మీద గీత కనబడితే ఆయనకి ముద్ద దిగదు. నుదుటి మీద గీత బ్రహ్మ కూడా చెరపలేడు గానీ బొమ్మ మీద గీత ఈయన చెరుపుతాడని వీధిలో పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికే ఇంత పని చేశాడు.

"ఇళ్ళల్లో టీవీలకి కింది అంచు కనబడదు, చట్రం వెనక దాక్కుంటుంది. కంప్యూటర్లో మొత్తం బయటపడుతుంది. ఆ అంచున బొమ్మ చిరిగినట్టు వణుకుతుంది. ప్రతి టేపుకీ ఉన్న రోగమే. ఆ వణుకులో తెల్లగా ఏవో అంకెల్లాంటివి కొట్టుకుంటున్నాయి. టేపు కౌంటరేమో అనుకున్నా. అలా వదిలేస్తే, చేతకానివాడు చేశాడంటారని..."

"అంటారని?"

"పట్టీ వేశాను."

"ఎన్నింటికి?"

"నలభైకీ." ఇంకాస్త గొంతు దించాడు. "ఎవరూ అడక్కుండానే."

ఇల్లాలి చేతిలో కత్తెర ఉంది. ఆవిడ బట్టలు కుడుతుంది. ముందుగదిలో ఆవిడ మిషను, వెనక గదిలో ఈయన మిషన్లు, మధ్యలో ఒక తెర. కత్తెర బల్లమీద పెట్టేసింది. చేతిలో ఉంటే మంచిది కాదనుకుని ఉండాలి.

"నేను చొక్కా కుడితే అరంగుళం అంచు లోపలికి వదుల్తాను. అది పైకి కనబడదు, అందంగానూ ఉండదు. కానీ చొక్కా నిలిచేది దాని మీదే. ఆ అంచే కోసి పారేశారు మీరు! వేళ్ళు తీసింది కంపెనీ, వేళ తీసింది మీరు!"

"నేను కావాలని..."

"కావాలని చేసేవాళ్ళతో పోట్లాడొచ్చు. బాగా చెయ్యాలని చేసేవాళ్ళతో ఎలా పోట్లాడాలండీ? కాపీ చెయ్యమన్నారు మిమ్మల్ని. వడగట్టడానికి అదేం కాఫీనా?"

గీతలాయన టీవీ మీది నల్ల పట్టీని వేలితో తడిమాడు.

"ఇప్పుడు వాళ్ళేమంటారో తెలుసా? ఈ టేపు గార్డులు బిగించకముందు ఎప్పుడో తీసింది, ఆ నెల మొదట్లోనే అన్నిటికీ బిగించాం, మీ తమ్ముడే ఆ రోజు విప్పుకుని చెయ్యి పెట్టాడంటారు. అంటారేంటి, రాసే ఇచ్చారు! డబ్బాలకి మూతలు చేసే కంపెనీ అది. ఇప్పుడు నోళ్ళక్కూడా చేస్తోంది."

రేపు ఉదయం విచారణ. శిక్షణ కోసం తీసిన టేపులన్నిటినీ ఏ మార్పూ లేకుండా డిస్కుల్లోకి ఎక్కించి దాఖలు చెయ్యమని లేబరాఫీసరు కంపెనీకి రాశాడు. పనిమంతుడని పేరు విని కంపెనీ గీతలాయనకే ఇచ్చింది. ఆయన ఎవరికి కొడుకో, ఎవరికి బావో వాకబు చేసే తీరిక వాళ్ళకి లేకపోయింది. డిస్కులు నిన్ననే వెళ్ళాయి. వాటితో పాటు 'ఏ మార్పూ లేకుండా కాపీ చేశాను' అన్న కాయితం, దాని కింద గీతలాయన సంతకం. లోకంలో గీతలన్నీ చెరిపిన మనిషి చివరికి గీసిన గీత అదొక్కటే.

"సంతకం కూడా పెట్టారు," అంది ఇల్లాలు.

"పెట్టాను."

"అబద్ధానికి."

గీతలాయన తలెత్తాడు. భార్య తిట్టిన తిట్లన్నీ వంటికి తగిలాయి గానీ ఈ ఒక్కటీ ఎముకకి తగిలింది. ఇరవై ఏళ్ళ పనిలో ఎవరూ ఆయన్ని ఆ మాట అనలేదు. తప్పని అనలేదు, మోసమని అనలేదు. మొదటిసారి అన్నది ఇంట్లో మనిషి, అదీ నిజమే.

"శబ్దం కూడా కడిగినట్టున్నావు బావా," అన్నాడు తమ్ముడు నెమ్మదిగా. "షెడ్డు చప్పుడు ఇలా ఉండదు. పక్కవాడు అరిచినా వినబడదు అక్కడ."

"అది నాన్న అడిగాడని చేశా. నేను పని చేసుకుంటుంటే వచ్చి, చెవులు చిల్లులు పడుతున్నాయి ఆ రొద తీసెయ్యరా అన్నాడు. తీసేశా."

"ముప్పై ఏళ్ళు ప్రెస్సు షెడ్డులో ఉన్న చెవులు!" అంది ఇల్లాలు. "వాటికి ఇప్పుడు చిల్లులా?"

గుమ్మంలో దగ్గు వినిపించింది. మావగారు. గీతలాయన తండ్రి. అదే షెడ్డుకి ఫోర్మనుగా చేసి మూణ్ణెల్ల కిందట రిటైరయ్యాడు. ఇంట్లోవాళ్ళు కూడా ఆయన్ని ఫోర్మనుగారనే అంటారు, ఆయన కూడా ఇంటిని షెడ్డులాగే చూస్తాడు.

"వయసు మీద పడింది అమ్మాయ్. చెవులు మాత్రం ఎన్నాళ్ళు ఓరుస్తాయి?" అన్నాడు. "అయినా డిస్కులు వెళ్ళిపోయాయి, సంతకమూ అయిపోయింది. ఇక తవ్వకండి. ఆ దొంగల కంపెనీ గురించి రేపు నేనే వచ్చి చెబుతాగా."

ఆర్నెల్లుగా కంపెనీని ఆ ఇంట్లో అందరికంటే గట్టిగా తిట్టేది ఆయనే. పొద్దున్నే పేపరుతో పాటు ఒక విడత, మధ్యాహ్నం భోజనంతో పాటు ఇంకో విడత. ఆ టేపు తీసిన వారం మాత్రం తనని రెండో షెడ్డుకి వేశారని, లేకపోతే అలా జరగనిచ్చేవాణ్ణి కాదనీ ప్రతి విడత చివరా కలిపేవాడు.

"మీరు చెబితే మాట మావయ్యగారూ. టేపు చెబితే సాక్ష్యం," అంది ఇల్లాలు. "అసలు టేపు ఎక్కడుంది?"

అందరూ గది మూలకి చూశారు. అట్టపెట్టె. నలభై టేపులూ వరసగా సర్ది, పైన అంటుపట్టీ వేసి, తాడు కట్టి, 'కంపెనీకి తిరిగి' అని రాసి ఉంది. పదకొండింటికి స్టోరు గుమాస్తా వచ్చి పట్టుకుపోతాడు. పాత టేపులు ఇవాళే తుక్కులోకి పోతాయని నిన్న అతనే చెప్పాడు, ఏదో శుభవార్తలాగ.

గడియారం పదీ అయిదు చూపిస్తోంది.

"టేపు ఎంతసేపుంది?"

"యాభై ఎనిమిది నిమిషాలు. గంట టేపుకి గంటా పడుతుంది. తొందరపెట్టడానికి లేదు."

"అయితే మాట్లాడుతూ నిలబడ్డారేం?"

"కట్టేసిన పెట్టె విప్పకురా," అన్నాడు ఫోర్మనుగారు. "పరాయి సొత్తు. నీ పని అయిపోయింది."

గీతలాయన తండ్రి వంక చూశాడు, భార్య వంక చూశాడు, ఆఖరికి బావమరిది చేతి వంక చూశాడు.

"అవలేదు నాన్నా," అన్నాడు. "ఏ మార్పూ లేకుండా అని సంతకం పెట్టాను. ఆ పని ఇంకా చెయ్యనేలేదు."

తాడు తెంపింది ఇల్లాలు. కత్తెర మళ్ళీ పనికొచ్చింది.

గీతలాయన పదిహేడో నంబరు టేపు తీశాడు. ఆ తరవాత ఇంటిల్లిపాదీ కాళ్ళు కాలిన పిల్లుల్లా తిరుగుతుంటే, ఆయన మాత్రం నింపాదిగా వీసీఆర్ మూత విప్పి, స్పిరిట్టులో తడిపిన గుడ్డముక్కతో టేపుని చదివే హెడ్డు తుడవడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడు తుడుస్తూ కూర్చుంటారా!"

"నా బుద్ధి తుడుచుకోవచ్చు, తుడుచుకోకపోవచ్చు. హెడ్డు తుడవకపోతే ఆ అంకెలు అలికినట్టొస్తాయి. పదకొండో పదిహేడో తెలీదు. ఒక అంకె అటూ ఇటూ అయితే వాళ్ళకి చాలదూ?"

ఇల్లాలు ఇంకో గుడ్డముక్క కత్తిరించి అందించింది. నిజంగా పనితెలిసినవాడి మీద కోపం వస్తే ఉండే చిక్కే అది. మధ్యలో గౌరవం అడ్డొస్తుంది.

టేపుని ఒకసారి చివరిదాకా ముందుకి తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పాడు. పెట్టెలో నెలల తరబడి పడుకున్న టేపు చుట్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, అలా విదిలిస్తే గానీ సాఫీగా నడవదు. తరవాత కంప్యూటరుకి వెళ్ళే తీగ పీకేశాడు. వీసీఆర్ నించి తిన్నగా డిస్కు రికార్డరులోకి ఒక్క తీగ తగిలించాడు.

"ఇప్పుడు మధ్యలో కంప్యూటరు లేదు, ఫిల్టరు లేదు, నేను లేను," అన్నాడు. "కాకపోతే ఖాళీ డిస్కు ఇంట్లో ఇదొక్కటే మిగిలింది. మధ్యలో ఆపితే పనికిరాదు."

మీట నొక్కాడు. పదీ పద్నాలుగు.

బొమ్మ వచ్చింది. మళ్ళీ దుమ్ము, మళ్ళీ వానచారల్లాంటి గీతలు, మళ్ళీ ప్రెస్సు రొద. ధన్... ధన్... ధన్. కిటికీ అద్దం సన్నగా వణికింది. గీతలాయన ముఖం చూస్తే, సొంత పిల్లకి మురికి బట్టలు తొడిగి బడికి పంపుతున్నవాడిలా ఉంది.

కింద అంచున బొమ్మ చిరిగి కొట్టుకుంటోంది. ఆ చిరుగులో తెల్లటి అంకెలు వణికాయి, ఆగాయి, మళ్ళీ వణికాయి. తమ్ముడు ముందుకి వంగాడు.

పదకొండు.

పక్కనే ఆ నెలా, ఆ ఏడూ. తమ్ముడు ఎడంచేత్తో కుడిచెయ్యి పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. ఆర్నెల్లుగా వాడు చెప్పిన మాట ఒక్కటే. దాన్ని ఇప్పటిదాకా నమ్మింది ఈ ఇల్లు ఒక్కటే.

సరిగ్గా పదీ ముప్పై ఎనిమిదికి వీధి తలుపు చప్పుడైంది.

"మాస్టారూ! ఉన్నారా?"

స్టోరు గుమాస్తా. ఇరవై రెండు నిమిషాలు ముందొచ్చాడు. ఆలస్యంగా రావడం హక్కనుకునే మనిషి, ఇవాళే చూసుకుని ముందొచ్చాడు.

ఇల్లాలు ముందుగదిలోకి వచ్చి తెర లాగేసింది.

"రండి అన్నయ్యగారూ, కూర్చోండి. మా ఆయన పెట్టె కడుతున్నారు."

"నిన్ననే కట్టేశారుగా?"

"తాడు తెగిందండీ." అబద్ధం కాదు.

గుమాస్తా కూర్చోలేదు. ఎంత పొడుగు మనిషో అంత తొందర మనిషి. ఆటో బయటే నిలబెట్టానన్నాడు. ఇల్లాలు అతణ్ణి ఎగాదిగా చూసింది. చూపు అతని జేబు దగ్గర ఆగింది. పెన్నులూ తాళాలూ మోసి మోసి ఒక మూల కుట్టు ఊడి జేబు వేలాడుతోంది.

"అదేంటండీ ఆ జేబు! ఇలాగే మేనేజరుగారి ముందుకెళ్తారా?"

"జేబుదేముందమ్మా..."

"ఏముందంటారేంటి? స్టోరుకి పెద్ద మీరు. మీ జేబే జారిపోతే కంపెనీ సామాన్లేం నిలుస్తాయని అనుకోరూ? విప్పండి, రెండు కుట్లు. మిషను ఇదిగో మీ ముందే ఉంది."

మాట నచ్చితే మనిషి మెత్తబడతాడు. గుమాస్తా చొక్కా విప్పి బనీనుతో కూర్చున్నాడు. కుట్ల చాటున కుట్ర కూడా ఉండొచ్చని అతనికి తోచలేదు.

ఇల్లాలు రెండు కుట్లు వెయ్యలేదు. ఉన్న కుట్లు విప్పింది. జేబు మొత్తం ఊడి ఆవిడ చేతిలోకొచ్చింది.

"మాస్టారి పని ముత్యమమ్మా," అన్నాడు గుమాస్తా, ఊరికే కూర్చోలేక. "నిన్న మా మేనేజరుగారు ఆఫీసు కంప్యూటర్లో వేసి చూశారు. ఎంత సంతోషించారో! ముఖ్యంగా ఆ కింద అంచు."

సూది ఆగింది.

"అంచా?"

"అదేనమ్మా, కింద ఏవో అంకెలు పడతాయని కెమెరా ఆయన చెప్పాట్ట. మేనేజరుగారి బెంగంతా అదే. తీరా చూస్తే లేవు! నున్నగా ఉంది. మనం ఒక మాట కూడా చెప్పకుండానే ఎంత శుభ్రం చేశాడయ్యా, ఇలాంటివాడికి పని ఇవ్వాలి అన్నారు."

తారీఖు పోయి తారీఫు మిగిలింది. ఇల్లాలు పెదవి కొరుక్కుంది. మొగుడి చేతకానితనం వల్ల నష్టం వస్తే ఏడవచ్చు. చేతనైనతనం వల్ల దొంగలు మెచ్చుకుంటే ఏం చెయ్యాలి?

"మీ షెడ్డులో ఎవరికో వేళ్ళు పోయాయటగా?" అంది తల ఎత్తకుండా.

"ఆ, పోయాయి. వాడి తప్పేనమ్మా. గార్డు తనే విప్పుకున్నాడు. మేం అందరం అలాగే రాసిచ్చాం."

"చూశారా?"

"రాశాం."

"చూశారా అని అడిగానండీ."

"రాశామని చెబుతున్నాగా అమ్మా." గుమాస్తా బనీను సర్దుకున్నాడు. "ఉద్యోగం అన్నాక చూసినవి రాయం, చూపించినవి రాస్తాం."

కత్తెర కాలరు మీద పడింది.

"ఏంటమ్మా, కాలరు కూడానా!"

"చిరుగు లోపలెక్కడిదాకా పాకిందో చూడాలిగా. పైకి శుభ్రంగా ఉన్నవి నమ్మకూడదండీ."

"అయ్యో, బాగానే ఉంది కదమ్మా అది!"

"మీకు బాగానే ఉంటుంది. వేసుకునేవాడు మెడ తిప్పినప్పుడు కదా తెలిసేది. ఒకడి మెడకి చుట్టి, అందరూ కలిసి కుట్టేస్తే, పైకి ఎంత నీటుగా ఉంటుందనీ!"

గుమాస్తాకి సగం అర్థమైంది. ఆ సగం చాలు, కుర్చీలో కదిలాడు. అప్పుడే తెర వెనక నించి రొద పెద్దదైంది. ధన్... ధన్... ధన్.

"అదేంటి? మా ప్రెస్సు చప్పుడులా ఉందే?"

"కుట్టు మిషనండీ."

"మిషను మీ ముందే ఉందిగా!"

"ఇంకోటి లోపలుంది. అది నిజాలు కుడుతుంది," అంది ఇల్లాలు. నోరు జారిందో, కావాలని జార్చిందో ఆవిడకే తెలీదు.

తెర వెనక గదిలో గడియారం పదీ యాభై ఆరు.

"సౌండు తగ్గించరా," అన్నాడు ఫోర్మనుగారు. ఆయన ఇందాకట్నించీ కూర్చోలేదు, నిలబడలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు, వచ్చాడు, కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకోలేదు. "ముందుగదిలో అతనికి వినబడుతోంది. తగ్గించు."

"ఈసారి ఏదీ తగ్గించను నాన్నా. ఒకసారి తగ్గించి చూశాంగా."

"తారీఖు దొరికింది కదరా! ఇంక చాలు. ఆపెయ్. ఆ ముక్క చాలదూ?"

"మధ్యలో ఆపితే డిస్కు పాడవుతుందని చెప్పాగా."

"మావయ్యగారు చెప్పింది నిజమే బావా," అన్నాడు తమ్ముడు హఠాత్తుగా. "కనీసం సౌండైనా తగ్గించు."

గీతలాయన ఆశ్చర్యపోయాడు. ఆ మాట తండ్రి అంటే చాదస్తం. బావమరిది ఎందుకన్నాడు? అతని ముఖంలోకి చూశాడు. అతను ఫోర్మనుగారి వంక చూస్తున్నాడు. ఫోర్మనుగారు నేల వంక చూస్తున్నాడు.

రొదలోంచి ఒక గొంతు లేచింది. నిన్నటి డిస్కులో లేని గొంతు. రొదతో పాటు కడిగేసిన గొంతు.

"ఒరే, మళ్ళీ ఆ జాలీ బిగిస్తారేంట్రా? తీసి అవతల పెట్టండ్రా! చేతికడ్డం! దాన్ని పట్టుకు వేలాడితే సాయంత్రానికి సగం మూతలు కూడా అవవు. తియ్యండ్రా అంటుంటే!"

రోజూ పొద్దున్నే "ఒరే, పేపరొచ్చిందా" అని అడిగే గొంతు అది.

ముందుగదిలో మిషను ఆగిపోయింది. తెర పక్కకి జరిగింది. ఇల్లాలు గుమ్మంలో నిలబడింది, చేతిలో కాలరు లేని చొక్కాతో.

"రెండో షెడ్డులో ఉన్నారుగా మావయ్యగారూ," అంది.

అరవలేదు. ఆ ఇంట్లో ఆ పొద్దుట్నించి అరవకుండా వచ్చిన మొదటి మాట అదే.

ఫోర్మనుగారు గోడ పట్టుకున్నాడు.

"నీకు తెలుసా?" ఇల్లాలు తమ్ముడి వైపు తిరిగింది. "పక్కనే నిలబడ్డావు కదరా. నీకు తెలుసు."

తమ్ముడు తల దించుకున్నాడు.

"ఆర్నెల్లు! ఆర్నెల్లు ఒకే కంచం దగ్గర కూర్చుని..."

"నీ ఇల్లక్కా," అన్నాడు తమ్ముడు. "నావి ఎలాగూ పోయాయి. నీ ఇల్లు కూడా ఎందుకని. తారీఖు ఒక్కటి బయటపడితే చాలనుకున్నా. ఈ రొదలో ఆ మాట ఎవరికీ వినబడదనుకున్నా."

పొద్దుట్నించి ఇల్లాలు మొగుడి మీద, గుమాస్తా మీద, కంపెనీ మీద పోగేసుకున్న కోపమంతా ఒక్కసారి ఎటు తిరగాలో తెలీక నిలిచిపోయింది. మొగుడు శబ్దం ఎందుకు కడిగాడో, కడగమని ఎవరు ఎందుకు అడిగారో ఇప్పుడు తెలిసింది. గీతలాయనకి కూడా తెలిసింది. ఆయన కుర్చీలోంచి లేచి తండ్రికేసి ఒక అడుగు వేసి ఆగిపోయాడు.

"నా చేత చేయించావా నాన్నా?" అన్నాడు. "నా పని చేత?"

ధన్... ధన్... ధన్.

"చేయించాను," అన్నాడు ఫోర్మనుగారు. గొంతులో ఫోర్మను లేడు. "భయపడ్డాను. రేపు వచ్చి కంపెనీని తిడితే సరిపోతుందనుకున్నా. తిట్టడం వేరు, చెప్పడం వేరని తెలీనట్టు నటించా." ఆయన చెయ్యి ఎత్తి టీవీ చూపించాడు. "కానీ ఆపకురా. ఆ జాలీ తియ్యమని పైనించి నాకు మాట తెచ్చినవాడొకడున్నాడు. నేను తిరగబడి అడిగాను, కాయితం మీద రాసివ్వమన్నాను. వాడు నా వెనకే నిలబడ్డాడు, వీడికి వినబడి ఉండదు. ఇంకో నిమిషంలో వాడి గొంతు కూడా వస్తుంది. నన్ను ఏం చేస్తారో చెయ్యండి. అది మాత్రం రానీండి."

"ఆపెయ్యండి."

ఆ మాట గుమ్మం దగ్గర్నించి వచ్చింది. ఇల్లాలి భుజం మీంచి లోపలికి చూస్తున్నాడు స్టోరు గుమాస్తా, బనీను మీద. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు. అతని చూపు టీవీ మీద లేదు. ఫోర్మనుగారి మీద ఉంది. ముఖంలో రక్తం లేదు.

"ఆపెయ్యండి మాస్టారూ. అది కంపెనీ సొత్తు. నేను తీసుకుపోవాలి. ఇప్పుడే."

"పదకొండుకి కదండీ?" అంది ఇల్లాలు.

"ఇప్పుడే అంటున్నానమ్మా!"

అతను గదిలోకి వచ్చేశాడు. రికార్డరు బల్లకి రెండడుగుల దూరం. దాని మీద ఎర్రదీపం వెలుగుతోంది, పక్కన ఆపే మీట. గీతలాయన తండ్రికీ బల్లకీ మధ్య నిలబడిపోయి ఉన్నాడు, కదల్లేదు. ఇల్లాలి చేతిలో చొక్కా నేల మీద పడింది.

గుమాస్తా చెయ్యి చాచాడు.

మీట మీద అతని చెయ్యి పడలేదు. అంతకంటే ముందు అక్కడ ఇంకో చెయ్యి ఉంది. బొటనవేలితో కలిపి మూడే వేళ్ళు. తమ్ముడు నేల మీంచి ఎప్పుడు లేచాడో, ఆ చెయ్యిని మీట మీద బోర్లించి అలాగే పెట్టాడు, నాలుగో నంబరు ప్రెస్సుకి లేని జాలీలాగ.

"అన్నయ్యా," అన్నాడు గుమాస్తా ముఖంలోకి చూసి. "ఆ రోజు కూడా, మావయ్యగారి వెనకాల, మీరింత తొందరగానే ఉన్నారు."

టేపులో ప్రెస్సు ఒక్కసారి ఆగింది. షెడ్డంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో, గీతల మధ్యనించి, ఎవరో గొంతు సవరించుకున్నారు.